పాత వాహనానికి పునర్జీవనం

గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి, వాటి నడుమ కొబ్బరి తోటలతో, వరిచేలతో నిండిన లంకలను నిర్మించింది. గౌతమీ, వృద్ధగౌతమీ పాయల మధ్య ఏర్పడిన అటువంటి దీవిలోనిదే ఐ.పోలవరం. ఊరి పేరు ముందున్న ‘ఐ’ అనే అక్షరం ఐలండ్ అనే మాటకు సంకేతం. నేడు ముమ్మిడివరం వైపు అన్నంపల్లి అక్విడక్టు, యానాం వైపు యెదుర్లంక వంతెన ఈ దీవిని బయటి ప్రపంచంతో కలుపుతున్నాయి. గౌతమి మీద వంతెన లేని రోజులలో అవతలి ఒడ్డుకు చేరాలంటే పడవో, పంటో ఎక్కవలసిందే. మోటారు సైకిలును సైతం పంటు మీదికి నెట్టి ఏరు దాటించేవారు. ఊరికి ఒకటో రెండో మోటారు సైకిళ్లు ఉన్న ఆ కాలంలో, అర్ధరాత్రి వైద్యుని తీసుకొని రావాలన్నా, పట్నంలోని బంధువులకు కబురు అందించాలన్నా చూపులన్నీ ఆ ఇంటి వైపే సాగేవి.

కాలక్రమంలో తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే వాహనాలు వచ్చాయి. పాత మోటారు సైకిలు ముంగిటి నుండి పశువుల పాకకు, అక్కడి నుండి కొబ్బరి మట్టల కిందికి చేరింది. దానిని సాకిన పెద్దాయన కాలం చేశాక ఒకనాడు పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం లెక్కన ధర చెబుతాడు. అప్పుడు ఆ ఇంటి వారి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. దానిని అమ్మివేయాలా, బాగుచేయించుకోవాలా? బాగుచేయాలని నిశ్చయించుకున్నవారు ఒక సంగతి మొదటనే గ్రహించాలి. పాత వాహనానికి రెండు ప్రాణాలు ఉంటాయి. ఒకటి ఇనుములో ఉన్నది, రెండవది కాగితంలో ఉన్నది. యంత్రం తిరగడం మొదటిది. ఆ యంత్రం ఫలానాదని ప్రభుత్వ దస్తావేజులు ధ్రువీకరించడం రెండవది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ వాహనానికి రోడ్డు మీద నడిచే అర్హత లేదు.

కోస్తా పల్లెలలో ఇటువంటి స్థితిలో సాధారణంగా కనిపించే వాహనాలు మూడు, నాలుగు రకాలవి. వాటిలో ముందుగా చెప్పుకోదగినది బుల్లెట్. ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణంలో 1901లో తొలి మోటారు సైకిలును తయారుచేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, 1930వ దశకం తొలినాళ్లలో బుల్లెట్ అనే పేరును వాడుకలోకి తెచ్చింది. భారత సైన్యం ఈ వాహనాన్ని ఎంచుకొనడంతో మన దేశంలో దానికి గిరాకీ పెరిగింది. 1955లో ఆ సంస్థ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. మద్రాసు సమీపంలోని తిరువొత్తియూరు కర్మాగారంలో తయారీ మొదలయింది. 1970 నాటికి ఇంగ్లాండులో ఉత్పత్తి ఆగిపోయినా, తిరువొత్తియూరులో మాత్రం బుల్లెట్ తయారవుతూనే ఉన్నది. 1977లో అది ఇక్కడి నుండి ఇంగ్లాండుకే ఎగుమతి కావడం విశేషం. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి జావా వాహనాలను, అనంతరం యెజ్డి వాహనాలను తయారుచేసి 1996లో మూతపడింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలెండు దేశపు నమూనా ఆధారంగా చేసిన రాజ్‌దూత్ గ్రామీణ ప్రాంతాలలో పాల బిందెలు మోసిన వాహనంగా పేరు పొందింది.

ఇటువంటి వాహనాలకు కోనసీమ వాతావరణం ప్రబల శత్రువు. ఇనుముకు నీరు, ప్రాణవాయువు రెండూ తగిలినప్పుడు తుప్పు ఏర్పడుతుంది. ఇనుప అణువులు ఎలక్ట్రానులను కోల్పోవడమే ఈ చర్యకు మూలం. సముద్రం మీదుగా వీచే గాలిలోని ఉప్పు, ఇనుము మీద పేరుకొన్న తేమలో కరిగి ఆ తేమకు విద్యుద్వాహకత్వాన్ని పెంచుతుంది. అందువల్ల తుప్పు వేగం హెచ్చుతుంది. తుప్పు గుల్లగా ఉండి, అసలు లోహం కన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పై పొర పొట్టుగా రాలిపోగానే లోపలి లోహం మళ్లీ గాలికి, తేమకు గురి అవుతుంది. దీనికి తోడు వరదలు, తుపానులు ఉండనే ఉన్నాయి. 1996 నవంబరు 6న విరుచుకుపడిన తుపాను, 2022 జులైలో వచ్చిన గోదావరి వరద ఈ ప్రాంత ప్రజలకు మరపురానివి. ముంపునకు గురైన వాహనంలోకి నీటితో పాటు సన్నని ఒండ్రు చేరుతుంది. నీరు ఆవిరైపోయినా ఒండ్రు మిగిలిపోతుంది. గరుకు కాగితం లోహాన్ని అరగదీసినట్లు అది లోపలి భాగాలను అరగదీస్తుంది.

అందువల్ల ఏళ్ల తరబడి కదలని వాహనాన్ని పాకలో నుండి బయటికి తీయగానే కిక్ కొట్టడం చేయదగిన పని కాదు. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కొని ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, సిలిండరు గీరుకుపోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో పలుచని నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తరువాత వాహనాన్ని గేరులో ఉంచి వెనుక చక్రాన్ని మెల్లగా ముందుకు, వెనుకకు కదిలించాలి. బిగిసిన పిస్టన్ వెంట్రుకవాసి కదిలినా చాలు, మిగిలిన పనిని నూనె పూర్తిచేస్తుంది. నీట మునిగిన ఇంజన్ విషయంలో ఈ కదిలింపు కూడా పనికిరాదు. దానిని విప్పి, ఒండ్రును కడిగి, బేరింగులను పరీక్షించిన తరువాతనే తిప్పాలి.

విప్పే పనికి ముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. వాహనాన్ని అన్ని వైపుల నుండి ఫోటోలు తీసుకోవాలి. ఏ తీగ ఏ దారిన పోతున్నదో, ఏ బోల్టు కింద ఏ వాషరు ఉన్నదో రాసిపెట్టుకోవాలి. ఒక్కొక్క భాగానికి చెందిన నట్లను, బోల్టులను వేరువేరు డబ్బాలలో వేసి చీటీలు అంటించాలి. విప్పడానికి ఒక్క పూట చాలు. బిగించడానికి నెలలు పట్టవచ్చు. నెలలు గడిచిన తరువాత జ్ఞాపకం తప్పవచ్చు గాని చీటీ తప్పదు. ఈ దశలోనే ఛాసిస్ మీద, ఇంజన్ మీద చెక్కి ఉన్న నంబర్లను వెదకి పట్టుకోవాలి. వాటి మీది మట్టిని కిరసనాయిలు గుడ్డతో తుడవాలే తప్ప, తీగ బ్రష్షుతోనో, రాపిడి యంత్రంతోనో రుద్దకూడదు. ఆ అంకెలే ఆ వాహనానికి పుట్టుమచ్చలు. వాటి ప్రాధాన్యం చట్టపరమైన పనులు మొదలయినప్పుడు స్పష్టమవుతుంది.

ఇంజన్ విప్పిన తరువాత సిలిండరు బోరును లేతు పనివానికి చూపించాలి. బోరు అరిగి అండాకారానికి తిరిగితే దానిని కొద్దిగా పెద్దదిగా మలచి, అందుకు సరిపడే ఓవర్‌సైజు పిస్టన్‌ను అమర్చుతారు. పాత బుల్లెట్ ఇంజన్ పరిమాణం 346 సి.సి.; దాని సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 90 మిల్లీమీటర్లు. ఈ పొడవైన ప్రయాణమే దాని గంభీరమైన చప్పుడుకు, తక్కువ వేగంలోనూ బరువు లాగగల శక్తికి కారణం. జ్వలనానికి ఆధారమైన కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు నల్లబడినా, కండెన్సర్ పాడయినా నిప్పురవ్వ పుట్టదు. కార్బురేటర్‌లో పెట్రోలు ఎండిపోయి బంక కట్టి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. పాత వాహనం కదలకపోవడానికి చాలా సందర్భాలలో కారణం ఇంతటి చిన్నదే.

పెట్రోలు ట్యాంకు విషయంలో మాత్రం ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. సగం నిండిన ట్యాంకులో రాత్రివేళ గాలిలోని తేమ చల్లబడి నీటి బిందువులుగా మారుతుంది. పెట్రోలు కన్న నీరు బరువు కనుక అది అడుగున చేరి రంధ్రాలు చేస్తుంది. ఆ రంధ్రాలను చూసి ట్యాంకును నేరుగా వెల్డింగ్ కొట్టుకు పంపడం ప్రాణాంతకం. పెట్రోలు అంతా ఒంపివేసినా, ఏళ్లు గడిచినా లోపలి బంక నుండి ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరికి ఒక్క రవ్వ తగిలితే ట్యాంకు పేలిపోతుంది. ట్యాంకును సబ్బునీటితో, వేడినీటితో పలుమార్లు కడిగి, ఆ పనిలో అనుభవం ఉన్నవారికే అప్పగించాలి. లోపలి తుప్పును తొలగించడానికి విద్యుద్విశ్లేషణ పద్ధతి ఒకటి ఉన్నది. కడిగిన ట్యాంకును చాకలి సోడా ద్రావణంతో నింపి, గోడలకు తగలకుండా ఒక ఇనుప కడ్డీని అందులో వేలాడదీస్తారు. బ్యాటరీ చార్జరు ధనధ్రువాన్ని కడ్డీకి, ఋణధ్రువాన్ని ట్యాంకుకు కలుపుతారు. తుప్పు వదులై ఊడివస్తుంది. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక పనిని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. రసాయన శాస్త్ర పాఠంలో చదివిన విద్యుద్విశ్లేషణ ఇంటి పెరటిలో ఈ విధంగా అక్కరకు వస్తుంది.

వాహనం పాతదే అయినా దానిలో పోసే ఇంధనం నేటిది. పూర్వం పెట్రోలులో సీసపు సమ్మేళనాలు కలిపేవారు. ఆరోగ్యానికి హాని కలిగిస్తున్నందువల్ల 2000 ఫిబ్రవరి 1 నుండి మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోలును నిలిపివేశారు. నాలుగు స్ట్రోకుల పాత ఇంజన్లలో ఆ సీసం వాల్వులు కూర్చునే అంచులకు మెత్తలా పనిచేసేది. అందుచేత ఇంజన్ విప్పినప్పుడు ఆ అంచులను పరీక్షించి, అవసరమైతే గట్టి లోహంతో చేసినవి అమర్చుకోవాలి. ఇటీవలి కాలంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. వాటి స్థానంలో ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, వాహనాన్ని ఎక్కువ కాలం నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకును, కార్బురేటర్‌ను ఖాళీచేయడం మంచిది. జావా, రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల వాహనాలలో పెట్రోలుతో పాటు నూనె కలిపి పోయాలి. ఆ నూనెయే పిస్టన్‌కు కందెన. దానిని మరచిపోతే నడిరోడ్డు మీద పిస్టన్ బిగుసుకుపోయి చక్రం ఆగిపోతుంది.

ఇంజన్ మోగగానే పని ముగిసిందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి వాహనాన్ని నడిపించడం కన్న ఆపడం ముఖ్యం. ఎండిన బ్రేక్ షూలు చూపునకు నిండుగా ఉన్నా డ్రమ్మును పట్టవు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కనుక డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. టైర్ల గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన అవి మంచివని తలచరాదు. రబ్బరు వయస్సుతో గట్టిపడి పగుళ్లు తేలుతుంది. టైరు పక్కభాగంలోని నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. బ్రేకు తీగలు, చక్రాల స్పోకులు, స్టీరింగు బేరింగులు కూడా ఇదే శ్రద్ధతో పరీక్షింపదగినవి. పాత వాహనాల 6 వోల్టుల దీపాలు మసకగా వెలుగుతాయి కనుక తీగల అతుకులను శుభ్రపరచి, వెనుక దీపం, బ్రేకు దీపం స్పష్టంగా కనిపించేలా చూసుకోవాలి.

పాత బుల్లెట్‌ను నడిపేవారికి మరొక పరీక్ష ఉన్నది. దానిలో గేరు కుడికాలి వద్ద, వెనుక బ్రేకు ఎడమకాలి వద్ద ఉంటాయి. నేటి వాహనాలలో ఈ అమరిక తారుమారు అయింది. కొత్త వాహనాలకు అలవాటుపడిన కాలు, దారికి అడ్డంగా గేదె వచ్చినప్పుడు ఆలోచించకుండా కుడివైపునే నొక్కుతుంది. అక్కడ ఉన్నది బ్రేకు కాదు, గేరు. కనుక ఖాళీ స్థలంలో కాలికి కొత్త అలవాటు కుదిరేదాకా సాధన చేసిన తరువాతనే రోడ్డు ఎక్కాలి.

మరమ్మతులో ఎంత మార్చాలి, ఎంత ఉంచాలి అన్నది వివేకానికి సంబంధించిన విషయం. బ్రేకులు, టైర్లు, తీగలు, గొట్టాలు ప్రాణరక్షణకు చెందినవి. వాటిని కొత్తవి వేయడానికి సందేహించనవసరం లేదు. ట్యాంకు మీద చేతితో గీసిన బంగారు రంగు గీతలు, మోకాలు తాకి వెలిసిన రంగు, కంపెనీ ముద్ర ఉన్న బోల్టులు ఆ వాహన చరిత్రకు చెందినవి. నిలబెట్టగలిగినంతవరకు వాటిని నిలబెట్టడమే ఉత్తమం. మెరుపు కోసం అన్నింటినీ మార్చివేస్తే వాహనం కొత్తగా కనిపిస్తుంది గాని తాతగారి వాహనం మాత్రం కనిపించదు.

ఇక రెండవ ప్రాణమైన కాగితం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నమోదు కాని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. సొంత వాడకపు వాహనం నమోదు పత్రం, అంటే ఆర్.సి., 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేసి, వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. ఆర్.సి. పోయి ఉంటే పోలీసులకు తెలిపి నకలు కోసం దరఖాస్తు చేసుకోవాలి. యజమాని మరణించినప్పుడు వారసుడు 30 రోజులలోగా ఆ విషయాన్ని రవాణా అధికారికి తెలియజేసి, మూడు నెలలలోగా పేరు మార్పునకు దరఖాస్తు చేయాలి. చాలా ఇళ్లలో ఈ మార్పు జరగనే జరగదు. పాకలోని వాహనానికి కాగితాలతో ఏం పని అన్న ఉపేక్షే దీనికి కారణం. మనుమడు దానిని బాగుచేయబూనిన నాటికి సంతకాలు పెట్టవలసిన వారసులు ఊళ్లు పట్టి పోయి ఉంటారు. ఇంజన్‌లోని తుప్పు కన్న ఈ ఆలస్యాన్ని వదిలించడమే కష్టం.

ఐ.పోలవరం వంటి చోట మరొక చిక్కు కూడా ఎదురుకావచ్చు. యెదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని భాగం. అక్కడి వాహనాల నంబర్లు పి.వై. 04 అని మొదలవుతాయి. మనుషులకు ఆ వంతెన కొద్ది నిమిషాల దారి. వాహనపు కాగితాలకు మాత్రం అది రాష్ట్ర సరిహద్దు. అటువంటి వాహనాన్ని కొని 12 నెలలకు మించి ఇవతల ఉంచుకొనదలచినవారు, అక్కడి నమోదు అధికారి నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త నంబరు పొందాలి. కనుక కొనేముందే కాగితాలను పరిశీలించడం తెలివైన పని.

యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. మొదటి నమోదు నుండి 50 ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగిన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. వాటి నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత ‘వి.ఎ.’ అనే అక్షరాలు ఉంటాయి. పూర్వం నమోదైన వాహనం తన పాత నంబరునే నిలుపుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరాలు. ఆపైన పునర్నమోదుకు 5,000 రూపాయలు. అయితే ఈ గౌరవంతో పాటు ఒక నియమం కూడా ఉన్నది. వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డు మీదికి తేవాలి. రోజూ అమలాపురం వెళ్లివచ్చే పనులకు దానిని వాడరాదు. నిత్యం నడపదలచినవారు మామూలు పద్ధతిలోనే ఆర్.సి.ని పునరుద్ధరించుకోవాలి. ఏ దారిన వెళ్లినా థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. రోజూ నడిపే వాహనానికి కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం కూడా ఉండాలి. నడిపేవారికి తగిన లైసెన్సు, తలకు హెల్మెట్ ఉండి తీరాలి. గేరు ఉన్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. ఆ వయస్సు రాని విద్యార్థి వాహనాన్ని నడపలేకపోయినా, విప్పి, శుభ్రపరచి, చీటీలు రాసి నేర్చుకోదగినది ఎంతో ఉన్నది.

వాహన నమోదు దరఖాస్తులో ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్రను జతచేయడం ఆనవాయితీ. నంబరు మీద పలుచని కాగితం పరచి, పెన్సిలుతో అడ్డంగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటిగా కాగితం మీదికి తేలి వస్తాయి. అందంగా కనిపించాలని ఛాసిస్‌ను నున్నగా గీకించినవారి కాగితం ఖాళీగా మిగిలిపోతుంది. అంకెలు లేని వాహనం ఎంత చక్కగా మెరిసినా, అది ఎవరిదో, దొంగిలించినది కాదో చెప్పే సాక్ష్యం లేదు. పదిలంగా కాపాడినవారి కాగితం మీద మాత్రం, కర్మాగారంలో ఏనాడో ఒక కార్మికుడు సుత్తితో కొట్టిన అంకెలు యథాతథంగా నిలుస్తాయి. పాత ఆర్.సి.లోని అంకెలతో అవి సరిపోయినప్పుడే ఇనుము, కాగితం ఏకమై తాతగారి వాహనం తిరిగి తన పేరుతో ఊరి రోడ్డు ఎక్కుతుంది.